ఇంటి తెరపై 4కె చిత్రము: గృహిణి తెలిసికొనవలసిన లెక్క

చలనచిత్రము చూడగోరినచో నాటకశాలకు పోవుట యొక్కటే మార్గమై యుండిన కాలము గతించినది. టీవీయు, నెట్టు కనెక్షనును ఉన్న గృహమునకు నేడు చిత్రమే నడచి వచ్చుచున్నది. చిత్రము నంతయు ముందుగా తెచ్చి దాచుకొనక, అది వచ్చుచుండగనే చూచు పద్ధతికి స్ట్రీమింగు అని పేరు. యూట్యూబు 2010లోనే 4కె అను అతిసూక్ష్మ చిత్రములకు చోటిచ్చెను. నెట్‌ఫ్లిక్సు 2014లో వానిని ఇండ్లకు పంప నారంభించి, 2016 జనవరిలో మన దేశమున అడుగిడెను. తెలుగు చిత్రముల కొఱకై యేర్పడిన ఆహా 2020లో వెలసెను. ఇప్పుడు దుకాణములలోని పెద్ద టీవీలలో 4కె గుర్తు లేనిది అరుదు.

అయితే పెట్టెమీద గుర్తు ఉన్నంత మాత్రమున అట్టి చిత్రము తెరమీదికి వచ్చునా? బస్తామీద సన్నబియ్యమని వ్రాసియున్నను మన స్త్రీలు గుప్పెడు గింజలు అరచేత పోసికొని చూడక కొనరు. చీరను దుకాణపు దీపము క్రింద గాక వాకిట వెలుతురున విప్పి చూచి గాని బేరమాడరు. టీవీ విషయమున మాత్రము "అది మగవారికి తెలిసిన పని" యని ఊరకుండుట తఱచుగా కానవచ్చుచున్నది. టీవీకి ఒక్కమాఱును, నెట్టునకు నెలనెలయు, చిత్రములు పంపు సంస్థకు వేఱుగను చెల్లించు సొమ్ము ఇంటి ఖర్చులోనిదే. ఆ సొమ్మునకు తగిన సరకు ఇల్లు చేరుచున్నదో లేదో పరీక్షించుటకు యంత్రశాస్త్రము చదువ నక్కఱలేదు. నాలుగైదు సంగతులు తెలిసిన చాలును. వానినే యిచ్చట వివరింప దలచితిమి.

4కె అనగా నేమి?

టీవీ తెర యొక చుక్కల ముగ్గు వంటిది. బొమ్మ యంతయు చిన్న చిన్న వెలుగు చుక్కలతో నేర్పడును. ఫుల్ హెచ్‌డి యనబడు తెరలో అడ్డముగా 1920, నిలువుగా 1080, వెరసి 20,73,600 చుక్కలుండును. 4కె తెరలో అడ్డముగా 3840, నిలువుగా 2160, వెరసి 82,94,400 చుక్కలు. సరిగా నాలుగింతలు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషను యూనియను 2012లో ఈ కొలతలకు ప్రమాణము నేర్పఱచినది. అదే వాకిటిలో నాలుగింతల చుక్కలు పెట్టి ముగ్గు వేసినచో గీతలు ఎంత నాజూకుగా వచ్చునో యోచింపుడు. నర్తకి కన్నుల కదలికయు, పట్టుచీర జరీపోగును, పక్షి ఈకలోని నూగును అట్లే కనబడును. 2016లో వెలువడిన బీబీసీ వారి 'ప్లానెట్ ఎర్త్ 2' వంటి ప్రకృతి చిత్రములలో ఈ భేదము చక్కగా తెలియును.

చుక్కలతో పాటు రంగుల సంగతి యొకటి కలదు. పాత పద్ధతిలో ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగులలో ఒక్కొక్కదానికి 256 ఛాయలుండెడివి. హెచ్‌డిఆర్ అను క్రొత్త పద్ధతిలో ఒక్కొక్కదానికి 1024 ఛాయలైనను ఉండును. దీపారాధన వెలుగును, దాని వెనుకనున్న గర్భగుడి చీకటియు రెండును చెడక కనబడుట దీని గుణము. అయినను చౌకరకము టీవీలు కొన్ని హెచ్‌డిఆర్ సంకేతమును గ్రహించునే గాని, దానికి తగిన కాంతిని తెరపై చూపజాలవు. కావున ఈ మాటను అట్టపెట్టెమీద చదివి తృప్తిపడక, చీకటి దృశ్యమొకటి వేయించి చూచి కొనుట మేలు.

చిత్రము ఇల్లు చేరు విధము

4కె చిత్రమును ఉన్నదున్నట్లు పంపవలెనన్న, సెకనుకు 24 బొమ్మల చొప్పున, ఇంచుమించు 600 కోట్ల బిట్లు సెకనుకొకమాఱు రావలయును. సామాన్యమైన యింటి కనెక్షను ఇంత భారమును మోయజాలదు. కావున ముందు బొమ్మకును వెనుక బొమ్మకును మాఱని భాగములను మరల మరల పంపక, మాఱినంత మాత్రమే పంపు నేర్పరి పద్ధతులు కనుగొనబడినవి. 2013లో సిద్ధమైన హెచ్‌ఈవీసీ, 2018లో వెలువడిన ఏవీ1 అట్టివి. వాని వలన చిత్రము ఇంచుమించు నాలుగువందలవ వంతునకు కుదింపబడి వచ్చుచున్నది. ఇంతగా కుదించినను కంటికి లోపము తోపకుండుట మెచ్చదగినదే.

మఱియొక రహస్యము గలదు. చిత్రము కొలది సెకనుల ముక్కలుగా కోయబడి, ప్రతి ముక్కయు నాలుగైదు నాణ్యతలలో సిద్ధముగా నుండును. నెట్టు వేగము తగ్గినపుడు టీవీ తనంతట తానే తక్కువ నాణ్యతగల ముక్కను కోరుకొనును. చిత్రము ఆగిపోవదు, కాని మసకబాఱును. చూచువారు తమ కన్నులనే శంకింతురు గాని, చెల్లించిన సరకు రాలేదని యెఱుగరు.

గొలుసులోని కొక్కెములు

మేడమీది ట్యాంకు నిండియున్నను కుళాయి గొట్టము సన్నదైనచో బిందె నిండదు. 4కె విషయమును అట్టిదే. ఈ క్రింది వానిలో ఏ యొక్కటి తగ్గినను తక్కినవాని కైన ఖర్చు వ్యర్థమగును.

మొదటిది, చిత్రమే 4కె యై యుండవలయును. డిజిటలు పద్ధతి క్రొత్తలో అనేక చిత్రములు 2కె కొలతలోనే ముగింపబడినవి. వానిని పెంచి చూపినను లేని నాజూకు రాదు. ఫిలిముమీద తీసిన పాత చిత్రముల నెగటివు చెడకున్నచో, దానిని క్రొత్తగా స్కాను చేసి చక్కని 4కె ప్రతిని తీయవచ్చును. 2006 నాటి 'పోకిరి' 2022 ఆగస్టులో 4కె రూపమున నాటకశాలలకు మరల వచ్చుట పాఠకురాండ్రు ఎఱిగినదే.

రెండవది, చందా. నెట్‌ఫ్లిక్సు వారు 4కెను, హెచ్‌డిఆర్‌ను అన్నిటికంటె హెచ్చు చందాదారులకే యిచ్చుచున్నారు. 2021 డిసెంబరులో మన దేశమున వారు నిర్ణయించిన ధరల ప్రకారము ఫుల్ హెచ్‌డి చందా నెలకు 499 రూపాయలు, 4కె చందా 649 రూపాయలు. భేదము నెలకు 150, సంవత్సరమునకు 1,800 రూపాయలు. ధరలు మాఱుచుండును గాని, ఈ విధమున భేదమును సంవత్సరమునకు కట్టి చూచుకొనుట ఎప్పటికిని పనికివచ్చును. హెచ్చు చందాలో నలుగురు ఒకేమాఱు వేర్వేఱు తెరలపై చూడవచ్చును. ఇంటిలో అంతమంది లేనిచో ఆ లాభమును లేదు.

మూడవది, నెట్టు వేగము. 4కె చిత్రమునకు సెకనుకు 15 మెగాబిట్లైనను కావలెనని ఆ సంస్థవారే చెప్పుచున్నారు. ఫుల్ హెచ్‌డికి 5 చాలును. ఒప్పందపత్రముమీద 30 అని ఉన్నను, రౌటరు ముందుగదిలోను టీవీ లోపలిగదిలోను ఉండి నడుమ రెండు గోడలున్నచో టీవీకి చేరునది ఎంతయో కొలిచి గాని చెప్పలేము. వేగమును కొలుచు ఉచిత సాధనములు ఫోనులోనే లభించును. ఇంటివారందఱు ఫోనులు పట్టుకొని యుండు రాత్రి యెనిమిది తొమ్మిది గంటల వేళ, ఫోనును టీవీ ప్రక్కనే యుంచి వైఫై మీద కొలువవలయును. తక్కువ వచ్చినచో రౌటరు నుండి టీవీకి నేరుగా తీగ వేయించుట శ్రేష్ఠము. అది సాధ్యపడనిచో రౌటరును టీవీకి చేరువకు జరుపుట మేలు.

నాలుగవది, టీవీయు దాని తీగయు. పాత 4కె టీవీలు కొన్నింటిలో హెచ్‌డిఎంఐ రంధ్రములన్నియు ఒక్క తీరువి కావు. పుల్ల వంటి స్టిక్కును గాని, బాక్సును గాని వేఱుగా తగిలించువారు ఏ రంధ్రము 4కెకు తగినదో టీవీతో వచ్చిన పుస్తకమున చూచుకొనవలయును. స్టిక్కు సహితము 4కె రకముదై యుండవలెను.

కూర్చుండు చోటు

అన్నిటికంటె ముఖ్యమైనదియు, దుకాణమున ఎవరును చెప్పనిదియు నిది. వీధి చివర నిలిచి చూచినచో పది చుక్కల ముగ్గునకును ఇరువది చుక్కల ముగ్గునకును భేదము తెలియునా? ఆరోగ్యవంతమైన కన్ను స్థూలముగా డిగ్రీలో 60వ వంతు కంటె దగ్గఱగానున్న చుక్కలను విడదీసి చూడజాలదు. ఈ ప్రమాణముతో లెక్కవేయగా, 43 అంగుళముల టీవీని అయిదున్నర అడుగులకు మించిన దూరము నుండి చూచినచో ఫుల్ హెచ్‌డి చుక్కలే కంటికి విడిగా తెలియవు. ఇక నాలుగింతలు చేసిన ఫలమేమి? 55 అంగుళముల టీవీకి ఈ దూరము ఇంచుమించు 7 అడుగులు, 65 అంగుళముల దానికి ఎనిమిదిన్నర అడుగులు.

కావున టీవీ కొనబోవుటకు ముందు కుట్టుపెట్టెలోని టేపు తీసి, గోడనుండి సోఫా వఱకు కొలువుడు. తొమ్మిదడుగుల దూరమున కూర్చుండువారు 43 అంగుళముల టీవీకై 4కె చందా కట్టుట వలన చుక్కల లాభమేమియు పొందరు. టీవీ మంచిదైనచో రంగుల లాభము మాత్రము కొంత కలుగును. 65 అంగుళముల టీవీని ఆరడుగుల నుండి చూచువారికి ఆ చందా సార్థకమే. చేతిలోని ఫోనుమీద చూచుటకు 4కె అక్కఱయే లేదు. ఇంటిలోని వృద్ధులకు బొమ్మ మసకగా నున్నచో క్రొత్త టీవీ కొనుటకు ముందు వారి కన్నులు పరీక్ష చేయించుట న్యాయము.

టీవీ వచ్చిన పిదప చేయదగిన పని యింకొకటి కలదు. దుకాణపు వెలుతురులో మెఱయుటకై రంగులు మితిమీఱి చూపు అమరిక యొకటి టీవీలలో నుండును. 'వివిడ్' అనునది అదియే. మఱియు బొమ్మల నడుమ లేని బొమ్మలను కల్పించి కదలికను నున్నచేయు ఏర్పాటొకటి యుండును. దాని వలన చలనచిత్రము సీరియలు వలె కనబడును. ఈ రెంటిని మాన్పి 'సినిమా' అను అమరికను గాని, 2019లో ప్రకటింపబడిన 'ఫిల్మ్‌మేకర్ మోడ్'ను గాని రిమోటుతో ఎన్నుకొనుడు. దీనికి పైసా ఖర్చు లేదు. పెక్కు గృహములలో క్రొత్త చందా కంటె ఈ మార్పే బొమ్మకు హెచ్చు మేలు చేయును.

ఫోను నెట్టుతో టీవీ నడుపువారికి

ఫైబరు కనెక్షను లేక, ఫోనులోని నెట్టునే టీవీకి ఇచ్చుకొను సంసారములు కలవు. వారు ఈ లెక్కను మఱువరాదు. 4కె చిత్రము గంటకు 7 జీబీ వఱకు తీసికొనును. దినమునకు 2 జీబీ వచ్చు ఫోనుచందా దీనికి 17 నిమిషములు మాత్రమే సరిపోవును. రెండున్నర గంటల తెలుగు చిత్రమునకు పదునేడున్నర జీబీ కావలెను. ఉదయమున తల్లి చిత్రము పెట్టినచో సాయంకాలమున బిడ్డ పాఠమునకు నెట్టు మిగులదు. అట్టి యిండ్లవారు యాప్ లోపలి అమరికలో నాణ్యతను తగ్గించి పెట్టుకొనుట యుచితము.

పిల్లల సంగతి

బొమ్మ ఎంత చక్కనిదైన పిల్లలు అంత కదలక కూర్చుందురు. ఏడాది నిండని శిశువులకు తెర కూడదనియు, రెండు మొదలు నాలుగేండ్ల పిల్లలకు దినమునకు ఒక గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సలహా యిచ్చినది. చుక్కలు నాలుగింతలైనంత మాత్రమున ఈ గంట రెండు గంటలు కాదు. చిత్రమొకటి ముగియగానే వేఱొకటి తనంతట తాను మొదలగు ఏర్పాటును మాన్పుట తల్లుల చేతిలోని పని.

క్రొత్త వస్తువు లన్నియు వలదని మేము చెప్పుట లేదు. సముద్రగర్భమును, హిమాలయ శిఖరములను, మహానర్తకుల అభినయమును ఇంటనుండి ఇంత స్పష్టముగా చూడగలుగుట మన ముందుతరముల స్త్రీలకు లేని భాగ్యము. ఆ భాగ్యమునకు వెల చెల్లించు నప్పుడు చిత్రము, చందా, వేగము, టీవీ, దూరము అను అయిదింటిని ఒకమాఱు సరిచూచుకొనవలయును. అయిదును కుదిరినచో నిశ్చింతగా చెల్లించి ఆనందింపవచ్చును. ఒకటి కుదరనిచో అది కుదురువఱకు ఫుల్ హెచ్‌డితోనే సరిపెట్టుకొని, మిగిలిన 1,800 రూపాయలను ఇంటి కక్కఱయైన పనికి వినియోగింపుడని మా మనవి.