మంటల అట్ట వెనుక పాటలు

సికింద్రాబాద్‌లోని రాంగోపాల్‌పేట్ ఒక మనిషి పేరు మోస్తున్న పేట. దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ 1900లో కట్టించిన జేమ్స్ స్ట్రీట్ ఠాణా, దాని గడియారపు గోపురం ఎంజీ రోడ్డు మీద వెళ్ళేవాళ్ళందరికీ తెలిసినవే. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్‌లో పుట్టిన ఒక రాక్ బ్యాండ్‌ది కూడా మనిషి పేరే. ఆయన మాత్రం దాత కాదు, పీటీ మాస్టారు. మగపిల్లలు జుట్టు పెంచితే ఊరుకోని లియొనార్డ్ స్కిన్నర్. ఆయన చేత చీవాట్లు తిన్న కుర్రాళ్ళు ఆ పేరునే అక్షరాలు మార్చి తమ బృందానికి పెట్టుకున్నారు: లెనర్డ్ స్కినర్డ్. కోపాలు ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత రియల్ ఎస్టేట్ వ్యాపారంలోకి దిగిన మాస్టారు తన బోర్డు ఫొటోను వాళ్ళ మూడో ఆల్బమ్ లోపలి అట్ట మీద వేసుకోనిచ్చారు. ఆయన 2010లో పోయారు.

బ్లూస్, కంట్రీ పాటల మట్టిలోంచి అమెరికా దక్షిణ రాష్ట్రాల కుర్రాళ్ళు పుట్టించిన రాక్ సంగీతమే సదరన్ రాక్. జార్జియాలో ఆల్మన్ బ్రదర్స్ దారి వేస్తే, ముగ్గురు గిటారిస్టులతో ఆ దారిని రహదారి చేసింది లెనర్డ్ స్కినర్డ్.

వాళ్ళ అయిదో స్టూడియో ఆల్బమ్ 'స్ట్రీట్ సర్వైవర్స్' 1977 అక్టోబరు 17న విడుదలైంది. మూడో రోజు, అక్టోబరు 20న, గ్రీన్‌విల్ నుంచి బాటన్ రూజ్‌కు వెళ్తున్న బ్యాండ్ విమానం మిసిసిపీలోని గిల్స్‌బర్గ్ దగ్గర అడవిలో కూలింది. 26 మందిలో ఆరుగురు చనిపోయారు: గాయకుడు రానీ వాన్ జాంట్, గిటారిస్టు స్టీవ్ గెయిన్స్, అతని అక్క, బ్యాండ్ గాయని కూడా అయిన క్యాసీ గెయిన్స్, సహాయ రోడ్ మేనేజర్, ఇద్దరు పైలట్లు. రానీకి 29 ఏళ్ళు, స్టీవ్‌కు 28.

కారణం తుఫాను కాదు, పిడుగూ కాదు. ఇంధనం అయిపోయింది. కుడి ఇంజను మామూలు కన్నా ఎక్కువ తాగేస్తున్నా సిబ్బంది గమనించలేదని ప్రభుత్వ దర్యాప్తు తేల్చింది. అదే విమానాన్ని అంతకుముందు ఏరోస్మిత్ బ్యాండ్ తరఫువాళ్ళు చూసి, నచ్చక వదిలేశారు.

ఇక 'స్ట్రీట్ సర్వైవర్స్' అట్ట సంగతి. ఒక వీధిలో బ్యాండ్ నిలబడి ఉంటుంది, చుట్టూ మంటలు. ఆ వీధి నిజమైనది కాదు, యూనివర్సల్ స్టూడియోలోని సెట్టు. రామోజీ ఫిల్మ్ సిటీలో మనం చూసే వీధుల్లాంటిదే. ఫొటో తీసినప్పుడు అది ఉత్త హంగు. ప్రమాదం తర్వాత మాత్రం మంటల మధ్య స్టీవ్‌ను చూసి తట్టుకోవడం ఎవరి తరం? అతని భార్య కోరిక మీద రికార్డు కంపెనీ ఆ అట్టను వెనక్కి తీసుకుని, నల్లటి నేపథ్యంతో మరొకటి వేసింది. పాత అట్ట మళ్ళీ అధికారికంగా వెలుగు చూసింది 2008 ప్రత్యేక ప్రతితోనే.

ఆ అట్ట మీద రానీ తొడుక్కున్న టీషర్టును చూశారా? దాని మీద గాయకుడు నీల్ యంగ్ బొమ్మ ఉంటుంది. 'స్వీట్ హోమ్ అలబామా' పాటలో రానీ నీల్ యంగ్‌కు జవాబు చెప్పాడు కాబట్టి వాళ్ళిద్దరూ బద్ధశత్రువులని ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. నిజానికి ఒకరి పాటలంటే ఒకరికి ఇష్టం. ప్రమాదం తర్వాత నవంబరులో మయామీ వేదిక మీద నీల్ యంగ్ ఆ పాటనే నివాళిగా పాడాడు.

నన్ను అడిగితే, ఈ ఆల్బమ్‌కు జరిగిన పెద్ద అన్యాయం ఇదే: అందరూ దీన్ని చావు కథగా చెప్పుకుంటారు. ఇది నిజానికి ఒక కొత్త కుర్రాడి రాక. 1975లో ఎడ్ కింగ్ వెళ్ళిపోయాక మూడో గిటారిస్టు స్థానం ఖాళీగా ఉంది. బ్యాండ్‌లో వంత పాడుతున్న క్యాసీ, మా తమ్ముణ్ణి ఒక్కసారి వినండి అంది. 1976లో కాన్సస్ సిటీలో వేదిక మీదే పరీక్ష జరిగింది. కొద్ది వారాలకే, జులైలో, అట్లాంటా ఫాక్స్ థియేటర్‌లో లైవ్ ఆల్బమ్ రికార్డింగుకు స్టీవ్ సిద్ధంగా ఉన్నాడు. 'స్ట్రీట్ సర్వైవర్స్' ఎనిమిది పాటల్లో నాలుగింటిలో అతని రచన ఉంది. 'ఎయింట్ నో గుడ్ లైఫ్' తనే పాడాడు. 'యూ గాట్ దట్ రైట్'లో రానీతో గొంతు కలిపాడు. ఏదో ఒకరోజు మేమంతా ఇతని నీడలో ఉంటామని రానీ అన్నాడట. అంత పొగరున్న గాయకుడు కొత్తవాడి గురించి అలా అన్నాడంటే ఆ వేళ్ళలో ఏముందో ఊహించుకోవచ్చు.

ఆల్బమ్‌ను రెండుసార్లు చేశారు. మొదట మయామీలోని క్రైటీరియా స్టూడియోలో, నిర్మాత టామ్ డౌడ్ చేతుల మీదుగా. ఆల్మన్ బ్రదర్స్ 'ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్', క్లాప్టన్ 'లైలా' చేసిన మహానుభావుడాయన. అయినా ఫలితం బ్యాండ్‌కు నచ్చలేదు. జార్జియాలోని డోరావిల్‌లో, స్టూడియో వన్‌లో చాలా పాటలు మళ్ళీ పాడారు, మళ్ళీ వాయించారు. డోరావిల్ అట్లాంటా శివారు. ఆల్ఫారెట్టా, కమింగ్ వైపు స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కారెక్కితే చేరుకునేంత దూరమే.

'దట్ స్మెల్' పాటను ప్రమాదానికి జోస్యమని చెబుతారు. అది జోస్యం కాదు, మందలింపు. 1976లో గిటారిస్టు గారీ రాసింగ్టన్ మత్తులో కారును చెట్టుకు గుద్దాడు. ఆ కోపంలోంచి, భయంలోంచి రానీ, మరో గిటారిస్టు అలెన్ కాలిన్స్ ఈ పాట కట్టారు.

'వన్ మోర్ టైమ్' మాత్రం పాత సరుకు, 1971లో మజిల్ షోల్స్‌లో రికార్డు చేసినది.

ఆదరణకు లోటు లేదు. బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో అయిదో స్థానం. వాళ్ళ స్టూడియో ఆల్బమ్‌లలో అంతకన్నా పైకి ఏదీ వెళ్ళలేదు. 'వాట్స్ యువర్ నేమ్' 13వ స్థానానికి చేరింది. అమ్మకాలు తర్వాత డబుల్ ప్లాటినమ్ దాటాయి. అయితే ఆ సంఖ్యల్లో సంగీతానికి దక్కిన వాటా ఎంత, దుఃఖానికి దక్కిన వాటా ఎంత అని విడదీయడం కష్టం. 1987లో రానీ తమ్ముడు జానీ గాయకుడిగా బ్యాండ్ మళ్ళీ లేచింది. 2006లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. తొలినాటి సభ్యుల్లో చివరివాడు గారీ రాసింగ్టన్ 2023 మార్చి 5న కన్నుమూశాడు.

కొత్తగా వినేవాళ్ళు 'ఐ నో ఎ లిటిల్'తో మొదలుపెట్టండి. స్టీవ్ ఒక్కడే రాసిన పాట, బ్యాండ్‌లో చేరకముందే అతని దగ్గర ఉన్నది. స్వింగ్ నడకలో గిటారు పరుగెత్తుతుంది. 2008 ప్రతి దొరికితే రెండో డిస్కులో టామ్ డౌడ్ చేసిన తొలి రూపాలున్నాయి. ముందు వాటిని విని, ఆ వెంటనే డోరావిల్ రూపాలు వినండి. బ్యాండ్ ఎందుకు పట్టుబట్టిందో మీ చెవికే తెలుస్తుంది.