పెట్రోలు కారునకు గ్యాసు టాంకి

నల్గొండనుండి గాని మహబూబ్‌నగరునుండి గాని హైదరాబాదు సుమారు నూరు కిలోమీటర్ల దూరము. నల్గొండవారు నార్కట్‌పల్లి వద్ద 65వ నంబరు జాతీయ రహదారిని, మహబూబ్‌నగరువారు జడ్చర్ల వద్ద 44వ నంబరు రహదారిని చేరుకొని రాజధానికి పోవుదురు. వ్యాపారులు, వైద్యులు, వకీళ్లు, కంట్రాక్టర్లు పలువురు వారమునకు రెండు మారులైనను ఈ దారిని పోయి వచ్చుచుందురు. చిన్న బండి గలవారికి ఈ ఖర్చు భారముగా తోపకపోవచ్చును. పెద్ద ఇంజను గల విలాసపు కారైనచో లీటరు పెట్రోలునకు ఎనిమిది కిలోమీటర్లు వచ్చుటయే గొప్ప; పోయిరాక కలిపి ఇరువదియైదు లీటర్లు కావలెను. అందువలన, “ఈ కారును గ్యాసుమీద నడుపరాదా?” యను ప్రశ్న పుట్టుచున్నది. నడుపవచ్చును. అయితే ఏ టాంకి అమర్చితిమి, ఎవరిచే అమర్పించితిమి అను రెండు విషయముల మీద డబ్బే గాక బండిలో కూర్చున్నవారి ప్రాణములును ఆధారపడియున్నవి.

గ్యాసుతో మోటారు నడుచుట వింత కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున పెట్రోలు రేషను అయినపుడు మన దేశమున బస్సులకును కార్లకును బొగ్గు గ్యాసు యంత్రములను తగిలించి నడిపిరి. కొలిమివంటి పీపాలో బొగ్గును కాల్చి, అందుండి వచ్చు వాయువును వడగట్టి ఇంజనునకు పంపెడివారు. ఎత్తు వచ్చినపుడు బండి ఆయాసపడెడిది. యుద్ధము ముగిసి పెట్రోలు దొరకగానే ఆ పీపాలు మూలపడినవి. నేటి మోటారు గ్యాసు వేరు. ఇది మన వంటయింటి గ్యాసు జాతికి చెందిన ఎల్‌.పి.జి. ప్రొపేను, బ్యూటేను అను రెండు వాయువుల మిశ్రమము. ప్రొపేను సున్నకు దిగువ 42 డిగ్రీల వద్దనే మరుగును. బ్యూటేను ఇంచుమించు సున్న డిగ్రీల వద్ద మరుగును. కొద్దిపాటి ఒత్తిడితో బంధించినచో రెండును ద్రవములగును. ఆ ద్రవము బయటపడినచో తన పరిమాణమునకు సుమారు 250 రెట్లు వ్యాపించును.

ఇక అమరిక ఎట్టిదో చూతము. పెట్రోలు టాంకి యథాస్థానమున నుండును. స్టెప్నీ చక్రము నుంచు గుంటలోనో, డిక్కీలోనో ఉక్కు గ్యాసు టాంకిని బిగింతురు. అందుండి ద్రవము సన్నని గొట్టము ద్వారా ముందునకు వచ్చి రెగ్యులేటరును చేరును. అచ్చట రేడియేటరు వేడినీటి సాయమున ద్రవము ఆవిరియగును. అందుచేతనే బండిని మొదట పెట్రోలుతో స్టార్టు చేసి, నీరు వేడెక్కిన పిదప గ్యాసునకు మార్తురు. క్రొత్త పరికరములలో ఈ మార్పు తనంతట తానే జరుగును. పెట్రోలు టాంకిలో కొంత పెట్రోలు ఎల్లప్పుడు ఉండవలసినదే.

పాత కార్లలో గ్యాసును గాలితో కలిపి ఒక్క చోటనుండి లోనికి వదలెడివారు. పెద్ద కార్ల విషయమున అది చాలదు. వాని ఇంజనును ఒక చిన్న కంప్యూటరు పాలించుచుండును. ఆరు సిలిండర్లున్నచో ఆరింటికిని వేర్వేరుగా, వంతు తప్పక, కొలత తప్పక గ్యాసు అందవలెను. అట్టి పరికరము ఖరీదైనదే గాని అది లేనిచో బండి కుదుపుచు నడచును. కొన్ని ఆధునిక ఇంజనులలో పెట్రోలును నేరుగా సిలిండరులోనికే చిమ్ముదురు. వానికి ప్రత్యేకమైన పరికరమే కావలెను. వాల్వులు కూర్చుండు అంచులు మెత్తనివైనచో గ్యాసు వేడికి త్వరగా అరుగును. కనుక మీ ఇంజనునకు ఇది తగునా యని ముందుగా నిర్ణయింపవలెను. వారంటీ మిగిలియున్న బండి అయినచో కంపెనీ షరతులను గూడ చదువుకొనుట మేలు.

లెక్క చూతము. లీటరు గ్యాసులోని శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో ముప్పాతికకు కొంచెము మించును. కనుక 25 లీటర్ల పెట్రోలునకు బదులు సుమారు 32 లీటర్ల గ్యాసు పట్టును. లెక్క కొఱకు పెట్రోలు లీటరు 100 రూపాయలు, గ్యాసు 60 రూపాయలు అనుకొందము. పెట్రోలునకు 2,500, గ్యాసునకు 1,920. ఒక ప్రయాణమున 580 రూపాయలు మిగులును. పరికరమునకు 40,000 అయినదనుకొనినచో డెబ్బది ప్రయాణములకు గాని పెట్టుబడి తిరిగి రాదు. వారమునకు రెండు మారులు పోవువానికి ఇది ఎనిమిది నెలల పని. నెలకొకమారు పోవువానికి సుమారు ఆరేండ్లు పట్టును. గ్యాసు ధర పెట్రోలు ధరలో ముప్పాతికకు దగ్గరయైనచో లాభమే లేదు.

గ్యాసు అన్ని పెట్రోలు బంకులలోను దొరకదు. 60 లీటర్ల టాంకిలో 48 లీటర్లే నింపవలెను. హైదరాబాదులో ఒకమారు నింపుకొనినచో ఇంటికి వచ్చి తిరిగి హైదరాబాదు చేరుటకు అది చాలును.

టాంకిలో అయిదవ వంతు ఖాళీగా నుంచుట ఎందులకు? వేడికి ద్రవము పొంగును. ఉష్ణోగ్రత 20 డిగ్రీలనుండి 50కి పెరిగినచో ఈ ద్రవములు నూటికి ఏడు మొదలు పదకొండు పాళ్ల వరకు పెరుగును. నల్గొండ వేసవి 45 డిగ్రీలను ముట్టుట అందరెరిగినదే. ఎండలో నిలిపిన కారు డిక్కీ అంతకంటెను వేడెక్కును. ఖాళీ లేనిచో పెరిగిన ద్రవము ఉక్కునే చీల్చజూచును. అందులకే కారు టాంకికి నూటికి ఎనుబది పాళ్లు నిండగానే గ్యాసును ఆపు వాల్వు, ఒత్తిడి మించినచో వదలు వాల్వు, గొట్టము తెగినచో ప్రవాహమును అరికట్టు వాల్వు ఉండును.

వంటయింటి సిలిండరు ఈ పనికి చేసినది కాదు. అది నిలువుగా నిలిచి పైనుండి ఆవిరిని మెల్లగా ఇచ్చుటకు చేసినది. దానిని డిక్కీలో పండబెట్టినచో ఆవిరికి మారుగా ద్రవము వెలువడును. గుద్దుకొనినపుడు దాని మూతి కాపాడువాడు లేడు. ఇక సిలిండరునుండి కారు టాంకిలోనికి గ్యాసును వంచి పోయుట మరియు ప్రమాదము. ఒక్క నిప్పురవ్వకు కొట్టుతో గూడ మనుష్యులు దగ్ధమగుదురు. గృహముల కొఱకు ఇచ్చు గ్యాసును మోటారునకు వాడుట చట్టవిరుద్ధము. అది పొయ్యి వెలిగించుకొనవలసిన వేరొక ఇల్లాలి వంతునుండి తీసికొనినట్లును అగును.

ఈ వాయువు గాలికంటె బరువైనది. కారినచో పైకి పోదు. నీటివలె పల్లమునకు ప్రాకి అచ్చటనే నిలుచును. గాలిలో నూటికి రెండు పాళ్లు చేరినను అంటుకొనగలదు. కావున గ్యాసు కారును దిగుడు బావి ప్రక్కను, నేలమాళిగలోను, కిటికీలు లేని కొట్టములోను నిలుపరాదు. వాయువునకు స్వతహాగా వాసన లేదు. మనకు తెలియుటకై ఘాటైన వాసనను కలుపుదురు. అది సోకినచో తాళము త్రిప్పకుడు, స్విచ్చి వేయకుడు. తలుపులన్నియు తెఱచి, టాంకి వాల్వు మూసి, దూరముగా పొండు.

మన దేశమున 2000 సంవత్సరమున మోటారు వాహనముల చట్టమును సవరించి, 2001లో నియమములు చేసి, గ్యాసు కార్లకు త్రోవ యిచ్చిరి. పూణేలోని ఆటోమోటివ్ పరిశోధన సంస్థవంటి పరీక్షా సంస్థలు మెచ్చిన పరికరమునే, మీ బండి రకమునకు అనుమతి గలదానినే అమర్పవలెను. అమర్చిన పదునాలుగు దినములలో రవాణా కార్యాలయమునకు తెలిపి రిజిస్ట్రేషను పత్రమున వ్రాయించుకొనవలెను. బీమా కంపెనీకిని తెలుపవలెను. లేనిచో ప్రమాదమైన నాడు పరిహారము చిక్కున పడును. టాంకిని అయిదేండ్ల కొకమారు ఒత్తిడి పరీక్షకు పంపవలెను. దానిపై కొట్టిన నంబరు, పరీక్ష తేదీ మీరే చూచి వ్రాసికొనుడు.

కనుక మెకానిక్కు ఇంటికి పోకముందే మూడు లెక్కలు వేసికొనుడు: నెలకు మీరు తిరుగు దూరమెంత, మీ దారిలో గ్యాసు దొరకు చోటేది, మీ ఇంజనునకు అనుమతి పొందిన పరికరము కలదా. మూడును కుదిరినచో అమర్చుకొనుడు. ఏ ఒక్కటి కుదరకపోయినను పెట్రోలుతోనే నడుపుకొనుడు. బేరమాడదలచినచో పరికరము ధర మీద ఆడుడు. టాంకి మీదను దాని వాల్వుల మీదను మాత్రము బేరము వలదు.