గుబ్బలకన్నా గాలి ముఖ్యం

చంద్రగిరి దాటి కల్యాణి డ్యామ్ వైపు మట్టిదారి పట్టిన సైకిల్‌కు అసలు శత్రువు పల్లేరు కాయ. ఎండాక కాయ ముక్కలవుతుంది. ఒక్కో ముక్కకు రెండు పెద్ద ముళ్లు, రెండు చిన్న ముళ్లు. అది ఎలా పడినా ఒక ముల్లు పైకి లేచే ఉంటుంది, పల్చటి టైరును దాటి ట్యూబులోకి దిగిపోతుంది. మొదటిసారి మౌంటెన్ బైక్ కొనే తిరుపతి, చిత్తూరు కుర్రాళ్లు ముళ్ల సంగతి పట్టించుకోరు, టైరు మీద గుబ్బలు ఎంత ఎత్తున్నాయో చూస్తారు.

ఆ టైరు కథ మొదలైంది గాలితోనే. 1845లో రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండ్ ఇంజనీరు గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. గుర్రబ్బండ్లకు తొడిగి చూపించాడు కూడా, కానీ జనం మరిచిపోయారు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి కోసం చేసిన టైరుకు మళ్లీ పేటెంటు పొందాడు. మరుసటి ఏడాదే విలియం హ్యూమ్ అక్కడి సైకిల్ పందేల్లో ఆ టైర్లతో గెలిచాడు. ఇక గట్టి రబ్బరు చక్రాలకు కాలం చెల్లింది.

లావు తరవాత వచ్చింది. 1933లో అమెరికాలో ష్విన్ కంపెనీ పిల్లల సైకిళ్లకు 2.125 అంగుళాల బెలూన్ టైర్లు తొడిగింది. నలభై ఏళ్లు గడిచాక కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు ఆ పాత బళ్లను కొండ మీదికి ఎక్కించారు. 1976 అక్టోబరు 21న మొదలైన రీప్యాక్ పందెంలో నిటారు మట్టిదారిలో దూసుకొస్తుంటే బ్రేకు వేడికి వెనక హబ్‌లో గ్రీజు పొగలైపోయేది, దిగిన ప్రతిసారీ కొత్తది కూరేవారు. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్ లాంటివాళ్లు మౌంటెన్ బైక్‌కు రూపమిచ్చింది ఆ లావు టైర్ల చుట్టూనే.

లావు ఎందుకు? లెక్క చిన్నదే. మనిషీ బండీ కలిపి 85 కిలోలైతే వెనక చక్రం మీద దాదాపు 50 కిలోలు పడుతుంది. గాలి 28 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉంటే టైరు సుమారు నాలుగు చదరపు అంగుళాల నేలను పట్టుకుంటుంది. 50 పీఎస్‌ఐ కొడితే ఆ పట్టు రెండు చదరపు అంగుళాలకు కాస్త పైన. గులకరాళ్ల మీద టైరు ఎగిరెగిరి పడేది అందుకే. బొటనవేలితో నొక్కి, రాయిలా ఉంటే సరే అనుకునే అలవాటు బరువులు మోసే పాత సైకిళ్లకు సరిపోయింది, మౌంటెన్ బైక్‌కు సరిపోదు. అలాగని గాలి మరీ తగ్గించకూడదు. రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి, పక్కపక్కనే రెండు కోతలు పడతాయి. పంక్చర్ షాపు నీళ్ల తొట్టెలో ముంచితే బుడగలు రెండు చోట్ల నుంచి లేస్తాయి.

తిరుపతి నుంచి బయల్దేరితే మట్టి తగిలేలోపు తారు రోడ్డే ఎక్కువ. ఎత్తు గుబ్బలు తారు మీద గుయ్‌మని మోత పెట్టి, త్వరగా అరిగిపోతాయి. కొత్తవారికి 2.1 నుంచి 2.25 అంగుళాల వెడల్పు చాలు. నడుమ గుబ్బలు పొట్టిగా, దగ్గరదగ్గరగా ఉండాలి, అంచుల్లో కాస్త పొడుగుండాలి. పట్టు ఎక్కువున్న టైరు ముందు చక్రానికే వేయాలి. వెనకది జారినా తమాయించుకోవచ్చు, ముందుది జారితే మనిషి కింద పడతాడు. ముళ్ల నేలలో గుబ్బల కింద పంక్చర్‌ను ఆపే పొర ఉన్న టైరుకు నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడం దండగ కాదు.

1999లో మౌంటెన్ బైక్‌లకు ట్యూబ్‌లెస్ టైర్లు వచ్చాయి. లోపల పోసే పాలలాంటి సీలెంటు పల్లేరు ముల్లు చేసిన రంధ్రాన్ని తనంతట తానే మూసేస్తుంది. రాయలసీమ ఎండకు అది తొందరగా ఆరిపోతుంది, కొన్ని నెలలకోసారి మళ్లీ పోస్తుండాలి. ఆ ఓపిక లేనివారికి మందపాటి ట్యూబే మేలు.

కొలత దగ్గర మాత్రం జాగ్రత్త. పాత 28 అంగుళాల సైకిల్ రిమ్ముకు టైరు కూర్చునే వ్యాసం 635 మిల్లీమీటర్లు, కొత్త 29 అంగుళాలదానికి 622 మాత్రమే! 27.5కు 584, 26కు 559. టైరు పక్కన 57-584 అని అచ్చొత్తి ఉంటే 57 దాని వెడల్పు, 584 రిమ్ము కొలత. కొత్త టైరు కోసం షాపుకు వెళ్లేవారు పాత టైరు మీది ఆ రెండు అంకెలూ రాసుకెళ్లాలి. వెడల్పు పెంచాలనుకుంటే ఫోర్కులో, వెనక ఫ్రేములో అటూఇటూ ఎంత ఖాళీ ఉందో కూడా ముందే చూసుకోవాలి.