గుండె ఆగలేదు, దారి తప్పింది: మోండా మార్కెట్ గల్లీల్లో ఒక గుండె పాఠం

ఈ ఎపిసోడ్ సికింద్రాబాద్ మోండా మార్కెట్ నుంచి. గుండె గురించి చెప్తా అని కూరగాయల మార్కెట్‌కు ఎందుకొచ్చాడు అనుకుంటున్నారా? ఈ గల్లీలు చూస్తే విషయం తొందరగా అర్థమవుతుంది, అందుకే.

గుండె పైభాగంలో సైనస్ నోడ్ అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. మనం ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు కరెంట్ సిగ్నల్ పంపేది అదే. ఆ సిగ్నల్ కింది గదులకు, అంటే జఠరికలకు చేరగానే కండరం బిగుసుకుని రక్తాన్ని బయటికి తోస్తుంది. ఆ తర్వాత క్షణం సేపు రెస్ట్. ఆ రెస్ట్‌లో ఇంకో సిగ్నల్ వచ్చినా తీసుకోదు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

జఠరికల్లో లయ తప్పడానికి ముఖ్యంగా మూడు కారణాలు. ఒకటి, అక్కడి కణాలే సొంతంగా సిగ్నల్ ఇవ్వడం. రెండు, ఒక బీట్ పూర్తిగా సర్దుకోకముందే దాని వెనకాలే ఇంకోటి పుట్టడం. పొటాషియం బాగా తగ్గినా, కొన్ని మందుల వల్లా ఇలా అవ్వొచ్చు. మూడోది రీ-ఎంట్రీ.

ఇప్పుడు ఈ దుకాణాల వరుస చూడండి. రెండు పక్కలా రెండు గల్లీలు. మామూలుగా జనం రెండింట్లోనూ నడిచి, అవతల కలిసి ముందుకు పోతారు. పాత హార్ట్ ఎటాక్ వదిలిన మచ్చ ఈ దుకాణాల వరుస లాంటిది. ఒక గల్లీ మొదట్లో తోపుడు బండి అడ్డంగా ఉందనుకోండి. జనం రెండో గల్లీలో మెల్లగా నడిచి, అవతలి చివర నుంచి మొదటి గల్లీలోకి తిరుగుతారు. ఈలోపు బండి తీసేశారు. ఇంకేముంది, బయల్దేరిన చోటికే వచ్చి మళ్లీ అదే చుట్టు! గుండెలో కూడా అంతే. సిగ్నల్ తిరిగొచ్చేసరికి అక్కడి కండరం రెస్ట్ అయిపోయి ఉంటుంది, మళ్లీ అందుకుంటుంది. ఇదే వెంట్రిక్యులర్ టాకికార్డియా. ఆ చుట్టు ముక్కలై ఎక్కడికక్కడ తిరిగితే ఫిబ్రిలేషన్. అప్పుడు కండరం వణుకుతుంది గానీ రక్తం కదలదు.

ఈ కథలో మన హైదరాబాద్ కూడా ఉంది. 1848లో ఇంగ్లండ్‌లో కాలిగోరు తీయడానికి క్లోరోఫామ్ ఇస్తే, 15 ఏళ్ల హానా గ్రీనర్ నిమిషాల్లో చనిపోయింది. క్లోరోఫామ్ ముందు ఆపేది ఊపిరినా, గుండెనా? దీని మీద నిజాం ప్రభుత్వం వేసిన కమిషన్లు 1888, 1889లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో ఇక్కడే ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే అన్నాయి. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద వేరే సంగతి చూపించాడు. తక్కువ క్లోరోఫామ్‌లో ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే జఠరికలు ఫిబ్రిలేషన్‌లోకి పోతాయి.

అయితే మనకేంటి? ఫిబ్రిలేషన్‌లో గుండెలో కరెంట్ పోలేదు, దారి తప్పిందంతే. షాక్ ఇస్తే కండరమంతా ఒకేసారి రెస్ట్‌లోకి వెళ్తుంది, సైనస్ నోడ్‌కు మళ్లీ చాన్స్ దొరుకుతుంది. షాక్ వచ్చేదాకా మెదడుకు రక్తం పంపేది మీ చేతులే. ఎవరైనా కుప్పకూలి, పిలిచినా పలక్కుండా, మామూలుగా ఊపిరి తీసుకోకపోతే 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. ఛాతీ మధ్యలో 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. పక్కన ఏఈడీ మెషీన్ ఉంటే తెప్పించండి. వీడియో తీయడానికి కాదు ఫ్రెండ్స్, ఆ టైమ్‌లో ఫోన్ ఉన్నది 108 కోసం.