తీగ మీద వచ్చిన కొలువు

హోసూరు నుంచి బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ ఎంత దూరమో మన పిల్లలకు చెప్పనక్కర్లేదు. పొద్దున్నే జాతీయ రహదారి మీద వరస కట్టే కంపెనీ బస్సుల్లో వాళ్ల అన్నలు, అక్కలు ఉంటారు. అందుకే బడుల్లో చేర్పించే వేళ తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ‘సార్, తెలుగు మీడియంలో వేస్తే మావాడికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తుందా?’ న్యాయమైన ప్రశ్నే. కాకపోతే జవాబు మీడియం దగ్గర మొదలవదు. అసలు ఆ ఉద్యోగం అమెరికా నుంచి మన పొరుగుకు ఎందుకు వచ్చింది, వచ్చింది ఎన్నాళ్లుంటుంది అన్నది ముందు చూడాలి.

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే అమెరికా కంపెనీ 1985లో బెంగళూరులో ఆఫీసు తెరిచింది. ఇక్కడి ఇంజినీర్లు చిప్‌ల డిజైన్ పని చేసి, ఆ ఫలితాన్ని ఉపగ్రహం ద్వారా అమెరికాకు పంపేవారు. బల్ల ఇక్కడ, యజమాని అక్కడ. అప్పటిదాకా విదేశీ పని చేయాలంటే మనిషి విమానం ఎక్కాల్సిందే. పని ఒక్కటే ప్రయాణం చేసి మనిషి ఊళ్లోనే ఉండిపోవచ్చని అప్పుడు తేలింది.

తర్వాత దశాబ్దంలో రెండు సంగతులు కలిసొచ్చాయి. ఒకటి వై2కే. పాత కంప్యూటర్ ప్రోగ్రాముల్లో జాగా ఆదా చేయడానికి సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసేవారు. 1999 అంటే 99. మరి 2000 వస్తే? 00 అంటే 1900 అనుకుని లెక్కలన్నీ తలకిందులవుతాయని బ్యాంకులు, బీమా సంస్థలు కంగారు పడ్డాయి. కోట్ల వరసల పాత కోడ్‌ను ఒక్కొక్కటిగా చూసి సరిదిద్దాలి. గొప్ప తెలివితేటల పని కాదు, ఓపిక పని. దానికి కావలసినంత మంది అమెరికాలో దొరకలేదు. హైదరాబాద్ అమీర్‌పేటలో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ కోర్సుల బోర్డులు గోడలు కనబడకుండా వెలిసింది ఆ రోజుల్లోనే. సైబర్ టవర్స్ ప్రారంభమైందీ, మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో తన అభివృద్ధి కేంద్రం తెరిచిందీ 1998లోనే. 

రెండోది సముద్రం అడుగున జరిగింది. డాట్‌కామ్ ఉత్సాహంలో ఫైబర్ కేబుళ్లు అవసరానికి మించి వేశారు. 2001, 2002 నాటికి వాటిలో పెట్టుబడి పెట్టిన కంపెనీలు కొన్ని దివాలా తీశాయి. కేబుళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి, చవకగా. నష్టం వాళ్లది, దారి మనది. న్యూయార్క్‌లో సాయంత్రం ఆఫీసు మూసే వేళకు బెంగళూరులో తెల్లవారుజామవుతుంది. అక్కడ రాత్రి పడుకుని లేచేసరికి ఇక్కడ పని పూర్తయి ఉంటుంది, అదీ అక్కడి జీతంలో చిన్న వంతుకే. ఇన్ని అనుకూలాలుంటే పని రాకుండా ఎలా ఉంటుంది?

అటువైపు నుంచి చూస్తే

ఈ కథను మనం సాధారణంగా ఇటువైపు నుంచే చెప్పుకుంటాం. అటువైపు ఎలా ఉంటుందో పిల్లలకు చెప్పడం కూడా చదువులో భాగమే అనుకుంటాను.

2014 చివర్లో ఫ్లోరిడాలో డిస్నీ సంస్థ దాదాపు 250 మంది టెక్నాలజీ ఉద్యోగులకు తొలగింపు నోటీసులిచ్చింది. వాళ్ల పనిలో చాలా భాగం భారత్‌కు చెందిన ఒక ఔట్‌సోర్సింగ్ కంపెనీ ద్వారా, హెచ్1బీ వీసా మీద వచ్చినవారి చేతికి వెళ్లింది. వెళ్లిపోయే లోపు తమ స్థానంలోకి వచ్చేవాళ్లకు ఆ పని నేర్పించే బాధ్యత కూడా పాతవాళ్లకే అప్పగించారు. అన్నేళ్ల అనుభవాన్ని పక్క కుర్చీలో కూర్చున్న కొత్తవాడికి అప్పజెప్పి ఇంటికి వెళ్లాలి. ఈ సంగతి 2015లో పత్రికల్లోకి ఎక్కాక అమెరికాలో పెద్ద దుమారమే రేగింది. బెంగళూరు ఆఫీసుల్లో ఇలా పని అప్పజెప్పడాన్ని ‘కేటీ’ అంటారు, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్‌కు పొట్టిపేరు. మన పిల్లలకు ఆ మాట ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే వినిపిస్తుంది. దాని అవతలి కొసన ఎవరు కూర్చున్నారో చాలామంది ఆలోచించరు.

అంతకు పదేళ్ల ముందే, 2004లో, అధ్యక్షుడు బుష్ ఆర్థిక సలహాదారుల మండలి అధిపతి గ్రెగరీ మాన్‌క్యూ ఔట్‌సోర్సింగ్ కూడా అంతర్జాతీయ వ్యాపారంలో కొత్త రకమేననీ, దీర్ఘకాలంలో దేశానికి మేలేననీ అన్నారు. సొంత పార్టీ వాళ్లే విరుచుకుపడ్డారు. లెక్క ప్రకారం ఆయన మాటలో నిజం ఉండొచ్చు. దేశం మొత్తానికి లాభం రావడం వేరు, ఉద్యోగం పోయిన ఇంటికి ఆ లాభంలో వాటా అందడం వేరు. మగ్గం పోయిన నేతన్నల ఇళ్లు చూసినవాళ్లకు ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఏ పని వెళుతుంది, ఏ పని వెళ్లదు

నాకు తెలిసినంతలో ఈ విషయం మీద అన్నిటికంటే పనికొచ్చే మాట చెప్పింది ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త ఆలన్ బ్లైండర్. 2006లో రాసిన వ్యాసంలో ఆయన అన్న దాని సారం ఇది: ఎక్కువ చదువు కావలసిన ఉద్యోగం భద్రం, తక్కువ చదువుది ప్రమాదం అన్న పాత విభజన ఇక చెల్లదు. తీగ మీద నాణ్యత తగ్గకుండా పంపగలిగే పని ఏది, పంపలేనిది ఏది అన్నదే అసలు విభజన. ఊడ్చే పనివాడి ఉద్యోగాన్ని, క్రేన్ నడిపేవాడి ఉద్యోగాన్ని విదేశానికి పంపలేరు. అకౌంటెంట్‌ది, ప్రోగ్రామర్‌ది పంపొచ్చు.

ఇరవై ఏళ్ల కిందటి ఈ మాటను మన దగ్గరి ఒక ఉదాహరణతో సరిచూడండి. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ గుర్తుందా? అమెరికాలో డాక్టరు రోగిని చూసి, వివరాలన్నీ మాటల్లో రికార్డు చేస్తాడు. ఆ రికార్డింగు రాత్రికి రాత్రి హైదరాబాద్‌కో బెంగళూరుకో చేరుతుంది. ఇక్కడి పిల్లలు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని విని టైప్ చేస్తారు. డిగ్రీ చాలు, ఇంగ్లిష్ వినడం వస్తే చాలు అని ప్రకటనలు. ఫీజులు కట్టించుకునే శిక్షణ సంస్థలు వీధికొకటి. తీగ మీద వచ్చిన ఆ పనిని తర్వాత మాట విని రాసే సాఫ్ట్‌వేర్ తినేస్తూ పోయింది. మిగిలింది మెషిన్ రాసినదాన్ని సరిదిద్దే పని. దానికి అంతమంది అక్కర్లేదు. కాల్‌సెంటర్లది ఇంకో దారి. 2010 దాటేసరికి ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగాల్లో ఫిలిప్పీన్స్ మనల్ని మించిపోయింది.

అంటే తీగ మీద వచ్చిన పనికి రెండు పక్కల నుంచీ పోటీ ఉంటుంది. ఇంకాస్త చవకగా చేసే దేశం ఒకటి, అసలు జీతమే అడగని యంత్రం ఇంకొకటి. వచ్చినప్పుడు ఏ కారణం మనకు కలిసొచ్చిందో, పోయేటప్పుడు అదే కారణం మనకు ఎదురవుతుంది.

ఇప్పుడు ఏం మారుతోంది

దేశంలో ఈ రంగంలో పనిచేసేవాళ్లు 50 లక్షలకు పైనే. రంగం కుప్పకూలుతోందని భయపెట్టే వీడియోలను నేను నమ్మను. అయితే దాని రూపం మాత్రం మారుతోంది. ఇదివరకు అమెరికా కంపెనీ తన పనిని మన టీసీఎస్‌కో ఇన్ఫోసిస్‌కో కాంట్రాక్టు ఇచ్చేది. ఇప్పుడు చాలా కంపెనీలు నేరుగా తమ సొంత ఆఫీసులనే ఇక్కడ పెడుతున్నాయి. వీటిని గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు అంటున్నారు, వాడుకలో జీసీసీలు. 2024 నాటికే దేశంలో ఇవి 1,700 దాటాయి. అప్పటికి వాటిలో 19 లక్షల మంది పనిచేసేవారు. బెంగళూరు మొదటి స్థానంలో ఉంది, హైదరాబాద్ వేగంగా ఎదుగుతోంది. వినడానికి బాగానే ఉంది. కానీ పాత పెద్ద కంపెనీలు కాలేజీల నుంచి పిల్లలను వేలల్లో తీసుకుని నెలల తరబడి తామే నేర్పించుకునేవి. జీసీసీలు ఎక్కువగా పని వచ్చినవాళ్ల కోసం చూస్తాయి. మెట్లు అలాగే ఉన్నాయి, కింది మెట్టు మాత్రం ఇరుకైంది.

టీసీఎస్ 2025 జులైలో తన ఉద్యోగుల్లో 2 శాతం మందిని, అంటే 12 వేలకు పైగా, తగ్గిస్తామని ప్రకటించింది. వీరిలో ఎక్కువమంది మధ్య, పై స్థాయుల వాళ్లేనని కంపెనీ చెప్పింది. ఒకసారి కొలువులో చేరితే పిల్లవాడి జీవితం గట్టెక్కినట్టే అనుకునే కుటుంబాలు ఈ వార్తలో గమనించాల్సింది సంఖ్యను కాదు, ఆ స్థాయులను.

వీసా దారి కూడా సన్నబడింది. హెచ్1బీ వీసాలు 2001 నుంచి 2003 దాకా ఏడాదికి 1,95,000 వరకు ఇచ్చేవారు. తర్వాత అది 65,000కు, దానిపై అమెరికాలో పీజీ చదివినవారికి మరో 20,000కు పరిమితమైంది. 2025 సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంప్ కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. అప్పటి లెక్కన మన డబ్బులో రూ.88 లక్షలకు దగ్గర. దీనివల్ల మనుషులు అక్కడికి వెళ్లడం తగ్గి, పనే ఇక్కడికి రావడం పెరగవచ్చని కొందరి వాదన. అలాగే బయటి దేశాలకు పని పంపే కంపెనీల చెల్లింపుల మీద 25 శాతం పన్ను వేయాలని అదే నెలలో అమెరికా సెనేట్‌లో ఒక బిల్లు ప్రతిపాదించారు. ఏది ఎటు తిరుగుతుందో చెప్పేవాళ్ల మాట విని అప్పు చేయకండి. అంతవరకే నేను చెప్పగలిగేది.

ఒక చిన్న లెక్క చేద్దాం. 2025-26లో ఎనిమిదో తరగతిలో ఉన్న పాప ప్లస్‌టూ దాటి ఇంజినీరింగ్ పూర్తి చేసేది 2034లో. చాట్‌జీపీటీ బయటికొచ్చింది 2022 నవంబరు చివర్లో. 2034లో ఏ కోర్సుకు గిరాకీ ఉంటుందని ఇవాళ ఎవరైనా గట్టిగా చెబితే, వాళ్లు మీకు సీటు అమ్ముతున్నారని అర్థం.

మరి బడిలో ఏం చేయాలి

ఇంగ్లిష్ అక్కర్లేదని ఏ తెలుగు మాస్టారైనా చెబితే నమ్మకండి. చదివి అర్థం చేసుకునే ఇంగ్లిష్, తప్పుల్లేకుండా నాలుగు వాక్యాలు రాసే ఇంగ్లిష్ కావాలి. దాన్ని ఒక భాషగా బాగా నేర్పడం వేరు, అర్థం కాని ఇంగ్లిష్‌లో లెక్కలు, సైన్సు బట్టీ పట్టించడం వేరు. రెండో పని వల్ల రెండూ పోతాయి.

మా తరగతిలో చేయించే ఒక అభ్యాసం చెబుతాను. మీ బడిలోనూ చేసి చూడొచ్చు. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి హోసూరు బస్టాండు నుంచి ఒక పిల్లవాడి ఇంటికి చేరాలి. దారి చెప్పే పది వాక్యాలు తెలుగులో రాయాలి. రాసిన కాగితాన్ని ఇంకో పిల్లకు ఇస్తాం. అందులో ఉన్నది తప్ప వేరే ఏదీ ఊహించకూడదు, పటం మీద వేలు పెట్టి అలాగే వెళ్లాలి. మూడో వాక్యం దగ్గరే ఆగిపోతుంది. ‘తర్వాత తిరగాలి’ అని రాశాడు, ఎటు? ప్రోగ్రామింగ్ అంటే మొదటి పాఠం ఇదే, కంప్యూటరు లేకుండా. ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. పూర్తిగా కాగితం మీద రాయగలిగిన పని రేపు మరో దేశానికైనా వెళుతుంది, యంత్రానికైనా వెళుతుంది. కాగితంలో ఏం లోపించిందో కనిపెట్టిన పిల్ల ఉంది చూశారూ, ఆ పిల్ల పనిని పంపడం కష్టం.

ఇక తీగ మీద వెళ్లని పనుల సంగతి. అందరం ఎలక్ట్రానిక్ సిటీ వైపే చూస్తున్నాం గానీ, హోసూరులోనే అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ దశాబ్దాలుగా ఉన్నాయి. ఫోన్ల విడిభాగాలు తయారుచేసే టాటా ఎలక్ట్రానిక్స్ కూడా వచ్చింది. యంత్రాలు నడిపేవాళ్లు, బాగుచేసేవాళ్లు ఇక్కడే ఉండాలి. పాలిటెక్నిక్ అనగానే మొహం ముడుచుకునే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. మేనేజ్‌మెంట్ సీటుకు పొలం తాకట్టు పెట్టడం కన్నా అది తక్కువ ఎందుకో నాకు అర్థం కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడే పిల్లలు ఆసుపత్రి, బ్యాంకు, కోర్టు లాంటి చోట్ల పక్కవాళ్లకంటే ఒక అడుగు ముందుంటారు. అయితే అది దానికదే ఉద్యోగం కాదు, చదువుకు తోడైతేనే.

చివరగా తమిళనాడు తల్లిదండ్రులకు ఒక విషయం. మిగతా రాష్ట్రాలవారికి ఇది వర్తించదు. ఆరో తరగతి నుంచి ప్లస్‌టూ దాకా ప్రభుత్వ బడిలో చదివినవారికి ఇంజినీరింగ్ వంటి వృత్తి కోర్సుల్లో 7.5 శాతం సీట్లు కేటాయిస్తూ 2021లో చట్టం వచ్చింది. ఆ కోటాలో చేరినవారి ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. తెలుగు మీడియం ప్రభుత్వ బడి పిల్లలూ ఇందులోకే వస్తారు. ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదో తరగతిలోనో ఫీజు కట్టి ప్రైవేటు ఇంగ్లిష్ మీడియానికి మారిస్తే ఆ హక్కు పోతుంది. టీసీ కోసం దరఖాస్తు రాసే ముందు మీ ప్రధానోపాధ్యాయుణ్ణి కలిసి ఈ కోటా నిబంధనలు, ఏ తరగతి నుంచి ఏ సర్టిఫికెట్లు కావాలో అడిగి తెలుసుకోండి.