రెండు గొట్టాల దర్జా

1955లో అమెరికాలో షెవర్లే కారు కొనబోయినవాడికి ఒకే వీ-8 ఇంజన్ రెండు రకాలుగా దొరికేది. 265 ఘనపు అంగుళాల ఆ కొత్త ఇంజన్ మామూలుగా తీసుకుంటే 162 హార్స్‌పవర్. కాస్త ఎక్కువ డబ్బు పెట్టి ‘పవర్ ప్యాక్’ వేయించుకుంటే 180. ఆ ప్యాక్‌లో ముఖ్యమైనవి రెండే: నాలుగు నోళ్ల కార్బ్యురేటర్, రెండు పొగ గొట్టాలు. పెరిగిన 18 గుర్రాల్లో ఏది ఎన్నింటిని తెచ్చిందో కొన్నవాళ్లలో ఎందరు అడిగి ఉంటారు? కార్బ్యురేటర్ బానెట్ కింద దాగి ఉంటుంది. గొట్టాలు వెనక వచ్చేవాడికి కనబడతాయి, వినబడతాయి కూడా. పేరంతా వాటికే పోయింది.

నిజానికి జంట గొట్టం దర్జా కోసం పుట్టింది కాదు, వీ-8 ఆకారంలోంచి పుట్టింది. సిలిండర్లన్నీ ఒకే వరసలో ఉన్న ఇంజన్‌లో పొగ ఒక పక్కనుంచే బయటికొస్తుంది, ఒక గొట్టం సరిపోతుంది. వీ-8లో సిలిండర్లు ఇటు నాలుగు, అటు నాలుగు. పొగకు రెండు వాకిళ్లు. 1932లో ఫోర్డ్ సామాన్యుడికి అందే ధరకు వీ-8 తెచ్చినప్పుడు ఒక పక్క పొగను అడ్డగొట్టంతో రెండో పక్కకు మళ్లించి, రెండింటినీ ఒకే సైలెన్సర్‌లోకి పంపింది. ఒక సైలెన్సర్ ఖర్చు మిగిలింది. కాలిఫోర్నియాలో ఎండిన సరస్సుల మీద పాత ఫోర్డులతో పందేలు వేసుకునే కుర్రాళ్లకు ఈ పొదుపు నచ్చలేదు. అడ్డగొట్టం పీకేసి, రెండో పక్కకు వేరే గొట్టం వేసుకోవడం వాళ్ల సరదాల్లో ఒకటైంది.

వాళ్లకు దక్కిన లాభం ఎంత నిజం? పొగ గొట్టంలో పొగ ధారగా పోదు, విడి విడి తోపులుగా పోతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకున్నప్పుడల్లా ఒక ఒత్తిడి అల బయల్దేరుతుంది, దాని వెనకే కొంత వెలితి ఏర్పడుతుంది. గొట్టాల పొడవు, కొలత సరిగ్గా కుదిరితే ఆ వెలితి సిలిండర్‌లో మిగిలిన పొగను లాగేస్తుంది, కొత్త గాలికి చోటు దొరుకుతుంది. గొట్టం సన్నమైతే పొగను నెట్టడానికే పిస్టన్ తన శక్తి కొంత ఖర్చు చేయాలి. మరీ వెడల్పైతే వేగం చచ్చిపోతుంది, లాగుడు తగ్గుతుంది. పొయ్యి ఊదే గొట్టం సన్నగా ఎందుకుంటుందో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ‘ఇంజన్‌కు కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి’ అనే మాట షెడ్లలో తరచూ వినిపిస్తుంది. ఆ మాట తప్పు. ఇంజన్‌కు కావలసింది పొగ వేగం. ఎదురొత్తిడి వల్ల దానికి ఒరిగేదేమీ లేదు.

ఇక లెక్క. లోపలి వ్యాసం 2 అంగుళాలున్న గొట్టాలు రెండు కలిపితే దారి వైశాల్యం 6.28 చదరపు అంగుళాలు. 3 అంగుళాల గొట్టం ఒక్కటే 7.07 ఇస్తుంది. పైగా రెండు సన్న గొట్టాల్లో పొగ రాసుకుపోయే గోడ ఎక్కువ, ఇనుము బరువూ ఎక్కువే. అంటే ‘రెండు’ అనే అంకెలో మహత్తేమీ లేదు. మరి లావుపాటి గొట్టం ఒక్కటే వేయరేం? కారు కింద చోటు కావాలి, రాళ్లకూ గతుకులకూ తగలకూడదు. వీ-8లో ఐతే ఒక పక్క పొగ ఇంజన్ చుట్టూ వంకర తిరిగి రావాలి. అలాంటి చోట రెండు గొట్టాలు న్యాయమైన జవాబే.

ఆ గొట్టాల గురగురకూ కారణం ఉంది. షెవర్లే సిలిండర్లు 1-8-4-3-6-5-7-2 క్రమంలో పేలతాయి. బేసి అంకెలు ఎడమ పక్క, సరి అంకెలు కుడి పక్క. 8 వెంటనే 4, రెండూ కుడివే. 5 వెంటనే 7, రెండూ ఎడమవే. కాబట్టి ప్రతి గొట్టంలోనూ ఒకచోట రెండు తోపులు దగ్గర దగ్గరగా వస్తాయి, మరోచోట ఒక పెద్ద ఖాళీ వస్తుంది. చెవికి లయ తప్పినట్టుండే ఆ ధ్వని కోసమే కొందరు కారు కొంటారు. ఇంజనీర్లు మాత్రం ఆ రెండు గొట్టాలనూ మధ్యలో హెచ్ అక్షరంలా, తర్వాతి రోజుల్లో ఎక్స్ అక్షరంలా కలిపారు, ఒత్తిడి అటూ ఇటూ సర్దుకోవడానికి. పూర్తిగా వేరు కాపురం పెట్టిన గొట్టాల కంటే ఇలా మధ్యలో కలిసినవే చాలాసార్లు బాగా పనిచేశాయి!

జంట గొట్టాల మీద మరో ఫిర్యాదు తుప్పు. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. పొగ రెండు దార్లుగా చీలితే ఒక్కో గొట్టం తక్కువ వేడెక్కుతుంది. కూరగాయలకని వీధి చివరిదాకా వెళ్లొచ్చే కారులో ఆ నీరు సైలెన్సర్‌లోనే నిలిచిపోతుంది. మార్చాల్సిన సైలెన్సర్లూ రెండు.

అసలు దెబ్బ 1975లో పడింది. పొగలోని విషాలు తగ్గించాలన్న చట్టం వల్ల అమెరికా కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. అందులో వాడే ప్లాటినం ఖరీదైన లోహం. సీసం తగిలితే పనిచేయదు కనుక సీసం లేని పెట్రోలూ కావలసివచ్చింది. పక్కకొకటి చొప్పున రెండు కన్వర్టర్లు పెట్టే ఖర్చు దేనికని, ఆ ఏడు షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్‌లో రెండు పక్కల పొగనూ ఒకే కన్వర్టర్‌లోకి కలిపి, బయటికొచ్చాక మళ్లీ రెండుగా చీల్చారు. వెనక చూస్తే గొట్టాలు రెండు, మధ్యలో దారి ఒకటే. స్పోర్ట్స్ కారు పరువు దక్కించిన ఈ ఏర్పాటు నా దృష్టిలో జంట గొట్టం కథలో మొదటి అబద్ధం. 1986 ఫోర్డ్ మస్టాంగ్ జీటీలో ఒక్కో పక్కకు విడిగా కన్వర్టర్లు పెట్టి అసలు జంట దారిని తిరిగి తెచ్చారు.

మన రోడ్ల మీద తిరిగే కార్లలో ఎక్కువ భాగం మూడు, నాలుగు సిలిండర్ల వరస ఇంజన్లవి. వాటికి రెండో గొట్టం అవసరమే లేదు. అయినా బంపరుకు రెండు వైపులా మెరిసే రంధ్రాలుంటాయి. వంగి చూస్తే కొన్నింటిలో రంధ్రానికి అడ్డంగా ప్లాస్టిక్ పలక కనిపిస్తుంది. అసలు గొట్టం కిందికి వంగి బంపరు వెనకే ఆగిపోయి ఉంటుంది. పెట్రోలుతో పనే లేని డాడ్జ్ చార్జర్ డేటోనా విద్యుత్ కారుకైతే కంపెనీ స్పీకర్లూ ధ్వని గదులూ అమర్చి, దానికి ‘ఫ్రాట్జానిక్ ఛాంబర్డ్ ఎగ్జాస్ట్’ అని పేరు పెట్టి అమ్ముతోంది.