చలికాలానికి పెరటి చేపల గుంట: మేత తగ్గించడమే తొలి రక్షణ

తెలుగు రాష్ట్రాలలో పెరటి చేపల గుంట గడ్డకట్టదు. మైదాన ప్రాంతాలలో పెంచే బొచ్చె, శీలావతి, మోసు వంటి చేపలు చలికే చనిపోయే పరిస్థితి అరుదు. అయినా కార్తీకం ముగిసింది మొదలు మాఘం వెళ్ళేలోగా పలు గుంటలలో ఎదుగుదల నిలిచిపోవడం, చేపల ఒంటిమీద పుండ్లు పడడం, ఎండ కాస్త ముదిరిన ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున చేపలన్నీ నీటిపైకి వచ్చి గుటకలు వేయడం కనిపిస్తాయి. ఈ నష్టాన్ని రైతులు చలికి ఆపాదిస్తారు. నిజానికి ఇందులో పెద్ద భాగం, ఋతువు మారినా వానాకాలపు యాజమాన్యాన్నే కొనసాగించడం వల్ల వచ్చేది. కనుక చలికాలపు సన్నాహమంటే ప్రధానంగా గుంటలోకి వేసేదాన్ని, గుంటలో ఉంచేదాన్ని తగ్గించుకోవడమే.

వాణిజ్య చెరువుల రైతుకు ఏరేటర్లు, నీటి పరీక్షలు, సలహాదారులు అందుబాటులో ఉంటారు. ఐదు సెంట్ల పెరటి గుంట యజమానికి ఇవేవీ ఉండవు. ఆ గుంటలోని చేపలు ఇంటిల్లిపాదికి మాంసకృత్తుల ఆధారం, సంక్రాంతి ఖర్చులకు చేతికందే సొమ్ము. పైగా నీటి పరిమాణం తక్కువ కావడం వల్ల చిన్న గుంట త్వరగా వేడెక్కుతుంది, అంతే త్వరగా చల్లబడుతుంది. పొరపాటును సర్దుకునే వ్యవధి చిన్న గుంటలోనే తక్కువ.

ఉష్ణోగ్రత, ఆకలి, ప్రాణవాయువు

చేప శరీర ఉష్ణోగ్రత నీటి ఉష్ణోగ్రతను అనుసరిస్తుంది. దేశవాళీ కార్పు చేపలు 25 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ మధ్య చురుకుగా తిని పెరుగుతాయి. నీరు 10 డిగ్రీలు చల్లబడితే జీవక్రియల వేగం సుమారు సగానికి పడిపోతుంది. తిన్న మేత అరగడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఆకలి మందగిస్తుంది. 20 డిగ్రీల దిగువన మేత వినియోగం గణనీయంగా తగ్గి, 15 డిగ్రీల వద్ద దాదాపు ఆగిపోతుంది.

అన్ని జాతులూ ఒకే విధంగా స్పందించవు. బంగారుతీగ, గడ్డిచేప, వెండిచేప చలిని బాగా తట్టుకుంటాయి. రూప్‌చంద్, పంగాసియస్, తిలాపియా ఉష్ణ ప్రాంతపు చేపలు కావడం వల్ల త్వరగా నీరసిస్తాయి. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలలోను, లంబసింగి, చింతపల్లి వంటి మన్యం ప్రాంతాలలోను పెరటి గుంటకు జాతులను ఎంచుకునేటప్పుడు ఈ భేదం ముఖ్యం. అటువంటి చోట్ల రూప్‌చంద్‌ను వేసినట్లయితే చలి ముదరకముందే పట్టుబడి పూర్తి చేయాలి.

ప్రాణవాయువు విషయంలో చలికాలం రెండు విధాలుగా పనిచేస్తుంది. చల్లని నీరు ఎక్కువ ప్రాణవాయువును నిలుపుకోగలదు. 30 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 7.5 మిల్లీగ్రాములు కరిగితే, 20 డిగ్రీల వద్ద సుమారు 9 మిల్లీగ్రాములు కరుగుతుంది. అయితే ఆ ప్రాణవాయువును పగటిపూట తయారుచేసే వృక్ష ప్లవకాలకు ఎండ కావాలి. మన అక్షాంశాలలో జూనులో 13 గంటలుండే పగలు డిసెంబరులో 11 గంటలకు తగ్గుతుంది. ఉదయపు మంచు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కోస్తాను తాకే తుఫానుల ముసురు ఆ ఎండను మరింత తగ్గిస్తాయి. రాత్రివేళ పైపొర చల్లబడి, బరువెక్కి, కిందికి దిగుతుంది. దానితో అడుగు నీరు పైకి వస్తుంది. అడుగు శుభ్రంగా ఉంటే ఈ కలయిక వల్ల హాని లేదు. అడుగున కుళ్ళుతున్న మేత, పేడ, ఆకులు పేరుకుని ఉంటే ప్రాణవాయువు లేని, విషవాయువులు కలిసిన నీరు గుంటంతా వ్యాపిస్తుంది.

మిగిలిన మేత పెట్టే అప్పు

మిగులు మేత ప్రభావం లెక్కలో స్పష్టమవుతుంది. ఐదు సెంట్ల గుంట వైశాల్యం సుమారు 200 చదరపు మీటర్లు. ఒకటిన్నర మీటరు లోతున నీరుంటే అది 300 ఘనపు మీటర్లు, అంటే 3 లక్షల లీటర్లు. అందులో సగటున 400 గ్రాముల చేపలు 120 ఉంటే మొత్తం బరువు 48 కిలోలు. వానాకాలంలో శరీర బరువులో 2 శాతం చొప్పున రోజుకు 960 గ్రాముల తవుడు, వేరుశనగ చెక్క మిశ్రమం వేస్తున్నారనుకుంటే, చలిలో చేపలు అందులో సగమే తిన్నా రోజుకు 480 గ్రాములు మిగులుతుంది. నెల రోజులలో అది 14 కిలోలు దాటుతుంది.

అంత మేత పూర్తిగా కుళ్ళడానికి సుమారు 13 కిలోల ప్రాణవాయువు అవసరం. 20 డిగ్రీల వద్ద ఆ గుంట నీరంతా సంతృప్తస్థాయిలో ఉన్నా అందులో ఉండేది 2.7 కిలోలే. అవసరం నిల్వకు దాదాపు ఐదు రెట్లన్నమాట. ఈ భారం ఒక్కరోజున పడదు. చలిలో సూక్ష్మజీవుల పని కూడా మందగిస్తుంది కాబట్టి మిగిలినదంతా అడుగున నిల్వ ఉంటుంది. ఫిబ్రవరిలో నీరు వేడెక్కగానే కుళ్ళడం వేగం పుంజుకుంటుంది. అదే సమయంలో చేపల ప్రాణవాయు అవసరమూ పెరుగుతుంది. డిసెంబరులో చేసిన అప్పు అప్పుడు వసూలవుతుంది. చలిలో వేసిన పేడకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. కనుక చలి నెలలలో పచ్చిపేడ వేయడం మానుకోవడం మేలు.

చలికి ముందు చేయవలసిన పనులు

ఈ పనులను అక్టోబరు రెండవ పక్షం నుంచి నవంబరు నెలాఖరులోగా, నీరు ఇంకా వెచ్చగా ఉండగానే పూర్తిచేయాలి.

మొదటిది చేపల సంఖ్యను తగ్గించడం. కార్తీకమాసంలో పలువురు మాంసాహారం మానడం వల్ల గిరాకీ పడిపోతుంది. రైతు సంక్రాంతి ధర కోసం చేపలన్నిటినీ గుంటలోనే ఉంచుతాడు. అత్యధిక బరువు భారం అత్యంత బలహీనమైన నెలలలో గుంటపై పడడానికి కారణం ఇదే. కార్తీకానికి ముందే పెద్ద చేపలను ఒక విడత పట్టి అమ్మితే మిగిలిన వాటికి చోటు, ప్రాణవాయువు దక్కుతాయి. సంక్రాంతికి మిగిలినవి ఆరోగ్యంగా చేతికి వస్తాయి.

రెండవది లోతు. ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల నీరుంటే అడుగు భాగం రాత్రి చలికి త్వరగా లోనుకాదు. వానలు వెనుకబట్టాక గుంటలో నీటిమట్టం తగ్గుతుంది కనుక నవంబరులోనే నింపుకోవాలి. మైదాన ప్రాంతాలలో బోరునీరు చలికాలపు తెల్లవారుజామున గుంట నీటికంటే వెచ్చగా ఉంటుంది. అయితే బోరునీటిలో ప్రాణవాయువు తక్కువ. దానిని పలకమీదుగానో, చిల్లుల గొట్టం ద్వారానో జల్లులా పడేటట్లు వదలాలి.

మూడవది అడుగు, గట్టు శుభ్రత. గుంటపైకి వంగిన కొమ్మలను నరికితే ఎండ నేరుగా పడుతుంది, రాలే ఆకులు తగ్గుతాయి. నీటిలో నానిన ఆకులను వలతో తీసివేయాలి. అడుగున నల్లని, కుళ్ళిన గుడ్ల వాసన వచ్చే బురద చేరితే, చేపలను కదిలించకుండా ఒక మూల నుంచి కొద్దికొద్దిగా తోడి మొక్కల పాదులకు వేసుకోవచ్చు.

నాలుగవది సున్నం. హెక్టారుకు 200 కిలోల లెక్కన ఐదు సెంట్లకు 4 కిలోలు సరిపోతుంది. నీటిలో కలిపి, చల్లార్చి, ఎండ ఉన్న ఉదయం రెండు విడతలుగా చల్లాలి. నీటి ఉదజని సూచిక 8.5 దాటి ఉంటే సున్నం వేయకూడదు.

తేదీ కాదు, ఉష్ణోగ్రతే కొలమానం

చలికాలంలో మేత తగ్గించమనే సలహా రైతుకు స్పష్టంగా అందదు. ఎప్పుడు, ఎంత అన్నది చెప్పాలి. నీటిలో అడుగు లోతున ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో ఉష్ణోగ్రతను కొలిచి దానినిబట్టి మేతను నిర్ణయించుకోవచ్చు. నీరు 25 డిగ్రీలకు పైన ఉంటే శరీర బరువులో 2 శాతం, 20 నుంచి 25 మధ్య 1 నుంచి 1.5 శాతం, 15 నుంచి 20 మధ్య ఎండ కాసిన రోజులలో మాత్రమే అర శాతం ఇవ్వడం, 15 కంటే తగ్గితే పూర్తిగా ఆపడం మార్గదర్శకంగా తీసుకోవచ్చు. ముసురు పట్టిన రోజున ఉష్ణోగ్రతతో నిమిత్తం లేకుండా మేత మానాలి. వేళను కూడా ఉదయం నుంచి పది, పదకొండు గంటలకు మార్చాలి.

ఆంధ్ర రైతులు కార్పు చెరువులలో అలవాటుగా వాడే చిల్లుల సంచి పద్ధతి పెరటి గుంటకు ఎంతో అనుకూలం. కర్రకు కట్టిన సంచిలోని మేతను చేపలు చిల్లుల గుండా అందుకుంటాయి. రెండు, మూడు గంటల తరువాత సంచిని పైకెత్తి చూస్తే ఎంత మిగిలిందో తెలుస్తుంది. మిగిలితే మరునాటి మేతను ఆ మేరకు తగ్గించాలి. థర్మామీటరు లేని ఇంట్లో సంచే కొలమానం.

పుండ్ల వ్యాధి, పేను

చలికాలపు వ్యాధులలో ప్రమాదకరమైనది పుండ్ల వ్యాధి. అఫనోమైసిస్ ఇన్వడాన్స్ అనే, శిలీంధ్రాన్ని పోలిన జీవి దీనికి మూలం. భారతదేశంలో ఇది 1988లో ఈశాన్య రాష్ట్రాలలో బయటపడింది. నీరు 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఈ జీవి విస్తారంగా బీజాలను విడుదల చేస్తుంది. సరిగ్గా అప్పుడే చేప రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను దీనికి అత్యంత సులభంగా లోనవుతుంది. బంగారుతీగ, తిలాపియా తట్టుకుంటాయి.

పొలుసు ఊడిన చోటు బీజానికి ద్వారం అవుతుంది. అందువల్ల డిసెంబరు, జనవరి నెలలలో అనవసరంగా వల వేయకూడదు. తప్పనిసరైతే ఎండెక్కిన తరువాత, ముడులు లేని మెత్తని వలతో పట్టాలి. ఆ నెలలలో కొత్త పిల్లలను వదలకపోవడం మంచిది. వదలవలసివస్తే 10 లీటర్ల నీటిలో 300 గ్రాముల ఉప్పు కలిపి, పిల్లలను ఒకటి, రెండు నిమిషాలు ముంచి, నీరసించే సూచన కనిపించగానే తీసి గుంటలో విడవాలి. పొలాల నుంచి వచ్చే వరదనీటిని, దానితో వచ్చే అడవి చేపలను అడ్డుకోవాలి. వ్యాధి కనిపిస్తే భువనేశ్వర్‌లోని కేంద్రీయ మంచినీటి చేపల పరిశోధనా సంస్థ రూపొందించిన సిఫాక్స్‌ను హెక్టారు విస్తీర్ణంలో మీటరు లోతు నీటికి ఒక లీటరు చొప్పున వాడతారు. పై ఉదాహరణలోని గుంటకు అది 30 మిల్లీలీటర్లు మాత్రమే. దానిని బక్కెటు నీటిలో పలుచన చేసి గుంటంతా చల్లాలి.

చేప పేను గట్టి వస్తువులపై గుడ్లు పెడుతుంది. గుంటలో నాలుగైదు వెదురు కర్రలు నిలిపి, వారానికొకసారి తీసి ఎండలో బాగా ఎండబెడితే గుడ్లు నశిస్తాయి. ఇది ఖర్చు లేనిది, మందుల అవశేషాలు మిగల్చనిది.

చలి తగ్గే వేళ

జనవరి చివర నుంచి నీరు వెచ్చబడుతుంది, చేపల కదలిక పెరుగుతుంది. ఆ కదలికను చూసి మేతను ఒక్కసారిగా పెంచడం చివరి ప్రమాదం. అడుగున నిల్వ ఉన్నది కుళ్ళడం మొదలయ్యే కాలం అదే. మేతను వారానికి కొంత చొప్పున, సంచి ఖాళీ అవుతున్నదని నిర్ధారించుకుంటూ పెంచాలి. తెల్లవారుజామున చేపలు నీటిపై గుటకలు వేస్తుంటే ఆ రోజు మేత ఆపి, బోరునీటిని జల్లుగా వదలాలి. వారానికొకసారి మోచేతి వరకు చేతిని నీటిలో ముంచి చూడాలి. అరచేయి మసకగా కనిపిస్తే ప్లవకాలు తగినంత ఉన్నట్లు. మోచేతికి ముందే కనుమరుగైతే ప్లవకాలు మితిమీరినట్లు భావించి ఎరువులను ఆపాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ అంశం ఒక సరళమైన కార్యక్రమాన్ని సూచిస్తుంది. పెరటి గుంటల యజమానులలో మేత వేసే పని చాలాచోట్ల మహిళలు, పిల్లల చేతిలో ఉంటుంది. చలికాలపు శిక్షణ వారికే నేరుగా అందాలి. అక్టోబరులోనే గ్రామంలో ఒక గుంటను ఎంచుకుని, ఉష్ణోగ్రతను, మేతను, సంచిలో మిగిలినదాన్ని వారివారి చేతనే ఒక నోటు పుస్తకంలో రాయిస్తే, మార్చి నాటికి ఆ గ్రామానికి సొంత సమాచారం సమకూరుతుంది. కోస్తా గుంటకు, ఆదిలాబాద్ గుంటకు, మన్యం గుంటకు ఒకే తేదీలు సరిపోవు. కొలిచే పద్ధతి మాత్రం అన్నిటికీ ఒకటే. విద్యార్థుల గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో ఇటువంటి నమోదును చేర్చడానికి కావలసిన పరికరాలు ఒక థర్మామీటరు, ఒక తక్కెడ, ఒక చిల్లుల సంచి మాత్రమే.